చేతులు ముడిస్తే జోరు పెరుగుతుంది సరే, ఆ శక్తి ఎక్కడిది?

అనంతపురం_ఎంపీసీ

ఇంటర్ ఫస్టియర్. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం దగ్గర ఇరుక్కుపోయాను. సూత్రం వచ్చు, ఎల్ (కోణీయ ద్రవ్యవేగం) అంటే ఐ (జడత్వ భ్రామకం, బరువు ఇరుసు నుంచి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే కొలత) ఇంటూ ఒమేగా (తిరిగే జోరు), బయటి టార్క్ (తిప్పే ప్రభావం) లేకపోతే అది మారదు, కాబట్టి ఐ తగ్గితే ఒమేగా పెరగాలి. లెక్కలు చేస్తే ఆన్సర్లూ వస్తున్నాయి. నిన్న మా మామ జిరాక్స్ షాపులో గిర్రున తిరిగే కుర్చీ ఎక్కి, రెండు చేతుల్లో రెండేసి లీటర్ల నీళ్ల బాటిళ్లు చాపి పట్టుకుని, చెల్లెలితో ఒక్క తోపు తోయించుకున్నా. చేతులు లోపలికి లాక్కోగానే కుర్చీ ఎంత జోరందుకుందంటే, మోకాలు తగిలి కౌంటర్ మీది పేపర్ల కట్ట కిందపడింది, మామ తిట్టాడు, అది వేరే సంగతి. డౌట్ ఏంటంటే, ఐ సగమై ఒమేగా రెట్టింపైతే గతిజ శక్తి కూడా రెట్టింపు కావాలి కదా. మళ్లీ ఎవరూ తోయలేదు, మరి అది ఎక్కడ్నుంచి వచ్చింది? క్లాసులో అడిగితే "ఎంసెట్‌లో రాదు, కూర్చో" అన్నారు.

శెనక్కాయల_చేను (కడప)

ఇంత ఆలోచన ఎందుకు తమ్ముడూ. బీగంచెవికి దారం కట్టి తిప్పు, వేలికి చుట్టుకోనివ్వు. దారం పొట్టి అయ్యేకొద్దీ ఎట్లా గిరగిరా తిరుగుతుందో చూడు. అదే నీ నియమం. శక్తి గిక్తి ఏమీ లేదు, దూరం తగ్గింది, జోరు పెరిగింది, అంతే.

కర్నూలు_పాఠాలు

అన్నా, ఏమనుకోవద్దు, ఆ బీగంచెవి ఉదాహరణ తప్పు. నేనూ చాలాకాలం పిల్లలకు అదే చెప్పాను. వేలికి దారం చుట్టుకునేటప్పుడు దారం లాగుతున్నది వేలి మధ్యలోకి కాదు, వేలి అంచుకు. అందువల్ల కొంచెం టార్క్ ఉంటుంది, అది వెనక్కి పట్టేదే, కోణీయ ద్రవ్యవేగం తగ్గిపోతుంది. బీగంచెవి వేగం మారదు, తిరిగే చుట్టు చిన్నదైంది కాబట్టి గబగబా తిరుగుతున్నట్టు ఉంటుంది.

తమ్ముడూ, నువ్వు ఇలా చెయ్యి. రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంలోంచి దారం దూర్చి, పైకొసకు రబ్బరు ముక్క కట్టి తిప్పు, రెండో చేత్తో కిందికొసను లాగు. ఇప్పుడు దారం ఎప్పుడూ మధ్యలోకే లాగుతుంది, టార్క్ సున్నా. గాలినీ రాపిడినీ పక్కన పెట్టి, 40 సెంటీమీటర్ల దారం 10కి వచ్చిందనుకో. వేలికి చుట్టుకునేదైతే వేగం అంతే, చుట్టుకు పట్టే టైం నాలుగో వంతు. గొట్టంలో అయితే వేగమే నాలుగింతలు, చుట్టుకు పట్టే టైం పదహారో వంతు, గతిజ శక్తి పదహారింతలు. అదంతా నువ్వు కిందికి లాగిన పనే. లాగుతున్నప్పుడు రబ్బరు గుండ్రంగా పోదు, సుడిలా లోపలికి వస్తుంది, కాబట్టి దారం లాగుడు దాని దారికి సరిగ్గా అడ్డంగా ఉండక కాస్త ముందుకూ లాగుతుంది. జోరు అక్కడ్నుంచే. కుర్చీలో ఆ దారం పని నీ చేతులు చేశాయి. ఎల్ మారకూడదన్న నియమం, శక్తి మారకూడదని చెప్పదు.

రాత్రి_ఆకాశం

వేలి లాంటి అంచు లేని ఉదాహరణ కావాలంటే భూమినే చూడు. సూర్యుడి ఆకర్షణ నేరుగా సూర్యుడి వైపే. జనవరి మొదట్లో మనం 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, వేగం సెకనుకు 30.3 కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు, వేగం 29.3. ఆ రెండు చోట్లా వేగం దూరానికి సరిగ్గా అడ్డంగా ఉంటుంది కాబట్టి నేరుగా గుణించొచ్చు, రెండు సార్లూ 445 దగ్గరే వస్తుంది, అంటే ఎల్ మారలేదు.

శెనక్కాయల_చేను (కడప)

చిన్నప్పట్నుంచి బీగంచెవి తిప్పుతానే ఉన్నా, ఇప్పుడొచ్చి తప్పంటారు. సరే, ఒప్పుకున్నా.

అనంతపురం_ఎంపీసీ

గొట్టంతో చేశాను సార్. దగ్గరికి వచ్చేకొద్దీ దారం వేలిని కోసేస్తుందేమో అన్నంత గట్టిగా లాగింది, అప్పుడు నమ్మకం కుదిరింది. ఇంకొక్కటి, చేతులు మళ్లీ చాపితే జోరు తగ్గుతుంది కదా, అప్పుడు ఆ శక్తి ఏమవుతుంది?

కర్నూలు_పాఠాలు

బాటిళ్లు చేతుల్ని బయటికి ఈడ్చుకుపోతుంటే బిగబట్టి మెల్లగా వదులుతావు చూడు, ఆ బిగింపులో కండరాల్లో వేడిగా పోతుంది. చేసి చూసే ముందు పేపర్ల కట్ట తీసెయ్.