పనామాలో ఫ్రెంచివాళ్లని ఓడించింది దోమా, డిజైనా?

గోదారిగట్టు:
ఎక్కడ చూసినా ఒకటే కథ. ఫ్రెంచి కంపెనీ 1881లో పనామా కాలువ పని మొదలుపెట్టింది, సుమారు 22 వేల మంది పోయారు, ఎక్కువమంది ఎల్లో ఫీవర్, మలేరియాలతోనే, 1889కి కంపెనీ దివాళా. 1904లో అమెరికావాళ్లు వచ్చి దోమల్ని చంపి కాలువ తవ్వేశారు. నన్నడిగితే దోమ ఒక్కటి లేకపోయినా ఆ డిజైన్‌తో పని అయ్యేది కాదు.

సికింద్రాబాదీ:
మనిషి బతికుంటే కదండీ పార పట్టేది! మలేరియాని దోమే మోస్తుందని రోనాల్డ్ రాస్ మా సికింద్రాబాద్‌లో తేల్చింది 1897లో, అప్పటికే ఫ్రెంచివాళ్లు చేతులెత్తేశారు. వాళ్ల ఆసుపత్రిలో చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారట, దోమలు వాటిలోనే పుట్టి పైన పడుకున్న రోగినే కుట్టేవి. అమెరికా సైనిక డాక్టరు గోర్గస్ వచ్చి తొట్లకి మూతలు వేయించి, నిల్వ నీళ్ల మీద నూనె పోయించాకే ఎల్లో ఫీవర్ పోయింది.

గోదారిగట్టు:
గిన్నెల సంగతి కాదనను. మరి చాగ్రెస్ నది మాటేంటి? ఆ ఫ్రెంచి కంపెనీ పెద్ద లెసెప్స్ ఇంజనీరు కాదు, దౌత్యవేత్త. సూయెజ్‌లో చదును నేల కాబట్టి లాకులు (నీళ్లు నింపి, వదిలి ఓడని మెట్టుమెట్టుగా ఎక్కించి దించే తలుపుల గదులు) లేకుండా 1869లో గట్టెక్కాడు, అదే ధీమాతో పనామాలోనూ సముద్రమట్టానికే తవ్వుతానన్నాడు. ఇక్కడేమో కులేబ్రా కొండ, వానలకి ఒక్కసారిగా పొంగే నది, పైగా ఆ నది కాలువ దారికే అడ్డం. కొండ జారుతుంటే గట్టు వాలు తగ్గించాలి, అంటే ఇంకా వెడల్పు తవ్వాలి, దానికి అంతూపొంతూ ఉండదు. నదికి ఆనకట్ట కట్టి చెరువు చేసి ఓడల్ని లాకులతో ఎక్కించి దించండని 1879 పారిస్ సమావేశంలోనే ఫ్రెంచి ఇంజనీరు గొదాన్ ద లెపినే మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. 1887లో ఐఫెల్ టవర్ ఐఫెల్‌కి లాకుల పని అప్పజెప్పేసరికి డబ్బు అయిపోవచ్చింది. 1914లో అమెరికా తెరిచింది దాదాపు ఆ లెపినే కాలువే: గాటున్ డ్యామ్, సముద్రానికి 26 మీటర్ల ఎత్తున సరస్సు. కొండని సముద్రమట్టం దాకా తవ్వే పని తప్పింది.

మట్టిపని:
అమెరికావాళ్లకీ అది మొదట్లోనే తట్టలేదు లెండి, వాళ్ల సలహా ఇంజనీర్ల బోర్డులో 8 మంది సముద్రమట్టానికి, 5గురే లాకులకి. 1906లో పట్టుబట్టి లాకులకి ఒప్పించింది వాళ్ల చీఫ్ ఇంజనీరు జాన్ స్టీవెన్స్, రైల్వే మనిషి. అంతకంటే ముందు ఆయన తవ్వకం ఆపించి ఇళ్లు, మంచినీళ్లు, రైలు పట్టాలు చూసుకున్నాడు. కులేబ్రాలో అసలు తలనొప్పి తవ్విన మట్టిని బయటికి లాగడం. మా సైట్లోనూ అంతే, టిప్పర్ రాకపోతే ప్రొక్లెయిన్ ఊరికే నిలబడి డీజిల్ తాగుతుంది. ఆ మట్టిని లాగింది రైలే, మీరిద్దరూ దాన్ని వదిలేశారు.

సికింద్రాబాదీ:
సరే, మీ గొప్ప డిజైన్ ఖరీదు కూడా చెప్పండి మరి. పాత లాకుల్లో ఒక్క ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రం పాలు. 2023 కరువుకి సరస్సు మట్టం బాగా పడిపోయి, రోజుకి 36 దాకా వెళ్లే ఓడల్ని తర్వాత 24కి తెచ్చారు. సముద్రమట్టం కాలువైతే ఈ టెన్షన్ ఉండేదా?

గోదారిగట్టు:
కాలువే ఉండేది కాదు కదండీ. అయినా 2016లో తెరిచిన కొత్త లాకులకి పక్కనే తొట్లు కట్టి 60 శాతం నీళ్లు మళ్లీ వాడుతున్నారు. నీళ్ల గొడవకి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడికీ వస్తా.