నాటకానికి లైటింగ్ బోర్డు: ఏమి చూసి కొనాలి?

తెరవెనుక:
మా పట్టణ పరిషత్తు నాటికలకు పద్దెనిమిదేళ్లుగా లైటింగ్ నేనే చూస్తున్నాను. డిమ్మర్ల (వెలుగు పెంచి తగ్గించే పరికరాల) మీద 12 హాలోజన్ లైట్లు, ఒక్కొక్కటి 7 ఛానళ్లు (బోర్డు విడివిడిగా నడిపే దారులు) తీసుకునే ఎల్‌ఈడీ పార్ లైట్లు 10 ఉన్నాయి. పాత బోర్డులో సగం ఫేడర్లు (వెలుగు మార్చే జారుడు మీటలు) పనిచేయడం లేదు. పోటీల రోజున ఒకే రాత్రి మూడు నాటికలు, మధ్యలో ఇరవై నిమిషాలు. దర్శకుడు పక్కన కూర్చుని చెబుతుంటే స్క్రిప్టు అంచున పెన్సిలుతో రాసుకుని నడిపిస్తాను.

మొన్నటి పోటీలకు చిన్న కంట్రోలర్ అద్దెకు తెచ్చాం. ముసలి తండ్రి అరుగు మీద కూర్చుని కొడుకు ఉత్తరం చదువుతుంటే 40 సెకన్లలో చీకటి పడాలి. హాలోజన్ మెత్తగా తగ్గింది. ఎల్‌ఈడీలు చివర్లో మెట్లు దిగినట్టు తగ్గి టక్కున ఆరిపోయాయి. ఆయన ఉత్తరం మడవకముందే ముఖం చీకట్లో కలిసిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుకాణంవారేమో బోలెడు ఎఫెక్టులున్న బోర్డు చూపిస్తున్నారు. ఏది తీసుకోమంటారు?

దివిటీ:
మీకు కావలసినవి 82 ఛానళ్లు (హాలోజన్‌లకు 12, ఎల్‌ఈడీలకు 70). బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు మోసే డీఎంఎక్స్ లైను ఒక్కదానిలోనే 512 ఉంటాయి. అంతకుమించిన వాటికి డబ్బు పెట్టకండి. ఎఫెక్టులు పాటకచేరీలకు. నాటకానికి క్యూ లిస్టు (ఏ ఘట్టానికి ఏ వెలుగో వరుసగా దాచుకునే పట్టిక), తర్వాతి క్యూకు వెళ్లడానికి చీకట్లో వేలికి తగిలే గో బటన్ ముఖ్యం. వెలుగు పెరిగే సమయం, తగ్గే సమయం వేర్వేరుగా పెట్టుకునే వీలుండాలి. 12, 13 క్యూల మధ్య 12.5 చేర్చగలగాలి, దర్శకులు ఆఖరి నిమిషంలో మార్చక మానరు. ఏ నాటక సమాజం నాటికను ఆ సమాజం ఫైలుగా దాచుకోగలగాలి.

మెట్ల సంగతి బోర్డు మార్చినంత మాత్రాన తీరదండీ. 8 బిట్ల డిమ్మింగులో ఉండేది 256 స్థాయిలే. చివరి పది శాతంలో పాతిక మాత్రమే, ఒక్కొక్కటీ కంటికి తెలుస్తుంది. హాలోజన్‌లో ఫిలమెంటు నిదానంగా చల్లబడుతుంది కాబట్టి ఆ మెట్లు కనబడవు. మీ లైట్ల మెనూలో ఇంకా ఎన్నో స్థాయిలుండే 16 బిట్ల మోడ్ గానీ, డిమ్మర్‌ను మెత్తబరిచే అమరిక గానీ ఉందేమో చూడండి. 16 బిట్లు వాడాలంటే బోర్డు కూడా పంపగలగాలి. రెండూ లేకపోతే ఎల్‌ఈడీలను ముందే తీసేసి, చివరి పది సెకన్లు హాలోజన్‌కు వదిలేయండి.

మూడోగంట:
కొనేముందు క్యూఎల్‌సీ ప్లస్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా కంప్యూటర్‌లో వేసుకుని క్యూలు అలవాటు చేసుకోండి. ప్రదర్శన రోజున కంప్యూటర్ నిద్రపోయే అమరిక మాత్రం తీసేయండి. మా నాటకంలో విరామం తర్వాత తెర లేచేసరికి అది నిద్రలో ఉంది. నటీనటులు అలాగే నిలబడి ఎదురుచూశారు.

తెరవెనుక:
ఈ ఉదయమే నిచ్చెన వేసుకుని చూశాను. ఆరు లైట్లలో మెత్తబరిచే అమరిక ఉంది, పాత నాలుగింటిలో లేదు. ఆ నాలుగింటినీ వెనక తెరకు మార్చాను. మా అబ్బాయిని అరుగు మీద కూర్చోబెట్టి, చేతికి కాగితమిచ్చి 40 సెకన్లు లెక్కపెట్టాను. మడత పూర్తయ్యేదాకా వేళ్లు కనిపించాయి. ఇక బోర్డు సంగతి. దుకాణంలోనే మా నాటిక 31 క్యూలూ ఎక్కించి నడిపి చూశాకే డబ్బు కడతాను.