తిరిగే బ్లేడ్‌కి లీనియర్ మోడ్‌లు సరిపోతాయా, నాన్‌లీనియర్ తప్పదా?

మెష్_మావయ్య: హబ్ చుట్టూ బ్లేడ్ తిరుగుతుంది, తిరుగుతూనే వంగుతుంది. బ్లేడ్‌తో పాటు తిరిగే ఫ్రేమ్ (కొలతలకు ఆధారమైన అక్షాలు) ఒకటి పెట్టుకుని, వంగడాన్ని మాత్రం క్రెయిగ్-బాంప్టన్ మోడ్‌లతో, అంటే బ్లేడ్ వంగే కొన్ని ముఖ్యమైన తీరులతో, లెక్కిస్తే చాలని నా వాదన. లక్ష డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (విడివిడిగా లెక్కించాల్సిన కదలికలు) ఉన్న మోడల్ కొన్ని పదులకు దిగుతుంది. దీనికి పెద్ద వంపులనూ లెక్కలోకి తీసుకునే పూర్తి నాన్‌లీనియర్ రన్ పెట్టి రాత్రంతా కాపలా కాయడం ఎందుకు?

కొత్త_కడ్డీ: ఫ్రేమ్ ఎందుకండీ? లీనియర్ ఎలిమెంట్ మోడల్‌నే నేరుగా తిప్పేస్తే?

మెష్_మావయ్య: ఆ పని చేయకు తమ్ముడూ. లీనియర్ స్ట్రెయిన్ ఫార్ములా ఊరికే తిరగడాన్ని కూడా సాగడమో కుంచించుకోవడమో అనుకుంటుంది. ఏ లోడూ లేని ఉక్కు కడ్డీని 3 డిగ్రీలు తిప్పి చూడు. కాస్ 3 మైనస్ 1, అంటే సుమారు 0.00137 కంప్రెషన్ స్ట్రెయిన్ చూపిస్తుంది. దాన్ని ఉక్కు స్టిఫ్‌నెస్ 200 గిగాపాస్కల్స్‌తో గుణిస్తే 274 మెగాపాస్కల్స్ స్ట్రెస్. మైల్డ్ స్టీల్ 250 దగ్గరే యీల్డ్ అవుతుంది, అంటే మళ్లీ మామూలు కాని విధంగా సాగిపోతుంది!

రోటార్_రాణి: మావయ్యగారూ, మీ ఫ్రేమ్ ఆ గండం దాటిస్తుంది, సరే. ఇంకో గండం ఉంది. వేగం పెరిగేకొద్దీ సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ లాగుడుకి బ్లేడ్ బిగుసుకోవాలి. మీ లీనియర్ మోడ్‌లలో ఆ బిగువు రాదు. పైగా రొటేషన్ తలంలో వంగే మోడ్‌కి, తిరిగే ఫ్రేమ్ లెక్క స్టిఫ్‌నెస్‌లోంచి ఒమేగా (తిరిగే వేగం) స్క్వేర్ ఇంటూ మాస్‌ను తీసేస్తుంది. వేగం ఆ మోడ్ ఫ్రీక్వెన్సీని అందుకునేసరికి మిగిలే స్టిఫ్‌నెస్ సున్నా. గట్టిపడాల్సిన బ్లేడ్ స్క్రీన్ మీద ఎటో ఎగిరిపోతుంది. 1987లో కేన్, రయాన్, బెనర్జీ అనే పరిశోధకులు ఎత్తిచూపింది ఈ లోపాన్నే.

మెష్_మావయ్య: దానికి మొత్తం నాన్‌లీనియర్ దేనికమ్మా? ఒక వేగం దగ్గర ప్రీ-స్ట్రెస్ కేస్ (ఆ వేగంలో బ్లేడ్‌లో పుట్టే లాగుడు లెక్క) నడిపి, ఆ లాగుడు వల్ల వచ్చే బిగువును, అంటే జామెట్రిక్ స్టిఫ్‌నెస్‌ను, తీసి కలిపితే అయిపోయె. అది ఒమేగా స్క్వేర్‌తో పాటే పెరుగుతుంది కాబట్టి స్టార్టప్‌కీ పనికొస్తుంది.

రోటార్_రాణి: కొంచెమే వంగే బ్లేడ్‌కి ఒప్పుకుంటాను. పెద్ద విండ్ టర్బైన్ బ్లేడ్‌లు చివర్న మీటర్ల కొద్దీ వంగుతాయి. అంత వంగాక ట్విస్ట్ కూడా తోడవుతుంది. విండ్ టర్బైన్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫాస్ట్‌లో బ్లేడ్‌కి రెండు మాడ్యూల్స్ ఉన్నది ఊరికే కాదు. మోడ్‌లతో నడిచే ఎలాస్టోడైన్‌లో బ్లేడ్ టార్షన్ (మెలితిరగడం) లేనే లేదు, బీమ్‌డైన్‌లో ఉంది.

మెష్_మావయ్య: నేను చూసేది కూలింగ్ టవర్ ఫ్యాన్ బ్లేడ్. చివర వేలెడు కూడా వంగదు. దీనికి నా ప్రీ-స్ట్రెస్ మోడ్‌లే.

కొత్త_కడ్డీ: ఫ్రేమ్ సంగతి అర్థమైంది. కానీ ఎక్కడా బిగించకుండా మోడ్‌లు తీస్తే నాకు ఏడు సున్నా ఫ్రీక్వెన్సీలు వస్తున్నాయి?

రోటార్_రాణి: ఆరే రావాలి: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. ఏడోది వచ్చిందంటే ఏదో భాగం మిగతాదానికి సరిగ్గా అతకలేదు. ఆ మోడ్‌ని యానిమేట్ చేసి చూడండి, ఏది విడిగా ఊగుతోందో కనిపిస్తుంది.