రిటైరయ్యాక వ్యాయామం చెయ్యాలని ఉంది, కానీ ఒళ్లు కదలడం లేదు. మీరెలా మొదలుపెట్టారు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా వయసు 61, రిటైరై పద్నాలుగు నెలలైంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం టైం దొరకడం లేదనుకునేవాణ్ని, రిటైరైతే రోజూ గంట నడుస్తానని ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇప్పుడు కావలసినంత టైం ఉంది, కానీ పొద్దున లేస్తే సాయంత్రం వెళ్దాంలే అనిపిస్తుంది, సాయంత్రమైతే రేపు చూద్దాం అనిపిస్తుంది, అలా వారాలు గడిచిపోతున్నాయి. పోయిన నెల రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసమొచ్చి మధ్యలో ఆగిపోయాను, నిజంగా భయమేసింది. డాక్టరుకు చూపించుకుంటే గుండె బాగానే ఉంది, కదలిక లేకపోవడమే కారణమన్నారు. చెయ్యాలని తెలుసు, మనసే రావడం లేదు. కాస్త దారి చెప్పండి.

జవాబు 1:
సార్, నాకూ మొదటి ఏడాది అచ్చం ఇలాగే గడిచింది. ఉద్యోగం ఉన్నప్పుడు ఫలానా టైంకి ఇంట్లోంచి బయటపడక తప్పదు, ఆ రాకపోకల్లో మనకు తెలియకుండానే చాలా దూరం నడుస్తాం, రిటైరయ్యేసరికి ఆ రెండూ ఒకేసారి పోతాయి. నేను ఉత్సాహం కోసం ఎదురుచూడడం మానేశాను, ఎందుకంటే నాకది నడక మొదలుపెట్టిన పది నిమిషాలకు గానీ రాదు. మొహం కడుక్కోగానే బూట్లు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రావడం, మొదటి వారం అంతే. అలవాటు 21 రోజుల్లో పడుతుందని అందరూ అంటుంటారు, అది నమ్మి దిగులు పడకండి. లండన్‌లో కొందరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి ఇంకా చాలా ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఒక రోజు తప్పగానే ఇక అయిపోయిందని వదిలేసేవాణ్ని కాబట్టి, నాకు బాగా పనికొచ్చింది ఈ మాటే.

జవాబు 2:
ఒక్కరే వెళ్లకండి. కింద ఒకరు మన కోసం నిలబడి ఉన్నారంటే బద్ధకం దానంతటదే పోతుంది. నేనూ నా స్నేహితురాలూ ఆరేళ్లుగా అలాగే నడుస్తున్నాం.

జవాబు 3:
పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ నడక ఒక్కటే చాలదండీ. మా అమ్మ రోజూ నడిచేది, అయినా కాళ్లలో బలం తగ్గి పడిపోయింది, తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీదే ఉండిపోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలి, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి, మూడు రోజులు బ్యాలెన్స్ కుదిరే వ్యాయామాలు చెయ్యాలి. మీకింకా నాలుగేళ్లుంది గానీ ఆగకండి. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. బలానికైతే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలు, బ్యాలెన్స్ కోసం గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి. పదివేల అడుగుల గురించి టెన్షన్ వద్దు, ఆ అంకె 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులుగా వీధి చివరిదాకా వెళ్తున్నాను, నిన్నటి నుంచి పక్కింటాయన కూడా వస్తున్నారు. ఇవాళ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఏడుసార్లు లేచాను, ఎనిమిదోసారి కాళ్లు వణికాయి. లేచేటప్పుడు మోకాళ్లు టకటకమంటున్నాయి, నొప్పి లేదు. ఫర్వాలేదా?

జవాబు 3:
నొప్పి, వాపు లేకుండా చప్పుడొక్కటే అయితే మామూలుగా భయపడక్కర్లేదండీ. నొప్పి మొదలైతే మాత్రం ఆపి డాక్టరుకు చూపించండి. ఈ వారం ఏడు దగ్గరే ఉండండి, వచ్చే వారం ఎనిమిది చేద్దురుగాని.