మాటల్లేని 'ది ఎండ్‌లెస్ రివర్': ఇది ఆల్బమేనా, మిగిలిపోయిన ముక్కలా?

భీమవరం రాక్: ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 2014 నవంబరులో తెచ్చిన 'ది ఎండ్‌లెస్ రివర్' ఆల్బమ్ గురించి మా స్నేహితుల మధ్య వాదన తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. చివరి పాట ఒక్కటి తప్పిస్తే దాదాపు అంతా వాద్య సంగీతమే. 1993-94లో తమ 'ది డివిజన్ బెల్' ఆల్బమ్ కోసం వాయించి పక్కన పెట్టేసిన రికార్డింగులు బయటికి తీసి, వాటికి కొత్తగా కొంత వాయించి కలిపారు. కీబోర్డ్ వాయించిన రిచర్డ్ రైట్ 2008లోనే పోయారు. నా దృష్టిలో ఇది ఆల్బమ్ కాదు. 18 ట్రాకుల్లో చాలావాటికి రెండు నిమిషాలు కూడా లేవు. చెవి పెట్టేలోపే అయిపోతాయి.

అమలాపురం కీబోర్డ్: నేను పెళ్లిళ్లకీ తీర్థాలకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తానండి. స్టేజి మీద సింగర్‌ని అందరూ చూస్తారు, వెనకాల కార్డ్ (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) పట్టి నిలబెట్టేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. రైట్ గారు ఆ బ్యాండ్‌లో చేసిన పని అదే. ఇందులో 'ఇట్స్ వాట్ వుయ్ డూ' ట్రాకు హెడ్‌ఫోన్స్‌తో వినండి. కీబోర్డ్ తొందరపడదు, నోట్‌కీ నోట్‌కీ మధ్య చోటు వదులుతుంది. బ్యాండ్ గిటారిస్టు గిల్మర్ గిటార్ ఆ చోటులోకి వస్తుంది. దీని మీద గొంతు వేసి ఉంటే మనమంతా గొంతే వినేవాళ్లం. ఇక ట్రాకుల నిడివి అంటారా, ఆల్బమ్‌ని నాలుగు భాగాలుగా అమర్చారు. ఒక్కో భాగంలో ట్రాకులు ఆగకుండా ఒకదాంట్లోకి ఒకటి వెళ్లిపోతాయి. ఫోన్‌లో షఫుల్ పెడితే ముక్కల్లాగే ఉంటుంది మరి.

ద్రాక్షారామం శ్రోత: మాటల్లేకపోతే మనవాళ్లకి ఎక్కదని ఎవరైనా అంటే ఒప్పుకోను. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు మా ఊళ్లో పుట్టినవారే. ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు గారు వీణ మీద కోయిలని కూయించారు. ఒక్క మాట లేదు, అర్థం కానివాళ్లూ లేరు. నాదస్వరం ముందు గంటలు గంటలు కూర్చునే జనం మనం.

భీమవరం రాక్: ఆ పోలిక నా వైపే మొగ్గుతుందండీ. చిట్టిబాబు గారు ఆ కోయిలని తన చేత్తో పూర్తి చేసి, చాలనుకున్నాకే మన ముందు పెట్టారు. ఇక్కడ రైట్ ప్రాక్టీస్‌లో వాయించినదాన్ని ఆయన పోయాక వేరేవాళ్లు కత్తిరించారు. 'ఆటమ్ 68' ట్రాకు చూడండి. అందులో ఆర్గన్ (గొట్టాల్లో గాలితో మోగే పెద్ద కీబోర్డ్ వాద్యం) 1969లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన వాయించింది. పాతికేళ్ల తేడా ఉన్న రెండు కాలాలని పక్కపక్కన పెట్టి ఒకే రచన అంటే ఎలా?

అమలాపురం కీబోర్డ్: కత్తిరించింది వేరేవాళ్లు కాదు కదా. గిల్మర్, డ్రమ్మర్ మేసన్ ఆనాడు అదే గదిలో ఆయనతో కలిసి వాయించినవాళ్లు. ఆయన కీబోర్డ్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో వాళ్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మీరు తప్పుపట్టిన ఆర్గనే నాకు ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టం. దానికి ముందు 'అలాన్సీ' అనే ట్రాకు మొదటి సగం, వెనక రెండో సగం. రెండింట్లోనూ గిటార్ పరుగు. మధ్యలో ఆ హాలు మొత్తం నిండిన ఆర్గన్. అంత గట్టిగా ఆయన ఈ ఆల్బమ్‌లో ఇంకెక్కడా వినబడడు.

రాజోలు: నా గొడవ వేరు. చివరి పాట 'లౌడర్ దాన్ వర్డ్స్' ఎందుకు పెట్టినట్టు? గిల్మర్ భార్య పోలీ శామ్సన్ రాసిన మాటలు బాగానే ఉన్నాయి, గిల్మర్ బాగానే పాడారు. అయినా అంతసేపు మాటల్లేకుండా తీసుకొచ్చి, ఒడ్డుకి చేరబోతుండగా విడమరిచి చెప్పడం వినేవాడి మీద నమ్మకం లేకపోవడమే. కవర్ మీద మేఘాల్లో పడవ నడుపుతున్న మనిషి ఉన్నాడు. దాన్ని గీసిన అహ్మద్ ఎమాద్ ఎల్దీన్‌కి అప్పటికి 18 ఏళ్లు, ఈజిప్ట్ కుర్రాడు. ఆ బొమ్మకి వివరణ అక్కర్లేకపోయింది. సంగీతానికి మాత్రం ఎందుకు?

భీమవరం రాక్: రాజోలు గారూ, చివరి పాట సంగతిలో మీతో ఏకీభవిస్తాను. అది తీసేసి మూడో భాగం ఇంకాస్త పొడిగించి ఉంటే నా అభ్యంతరం సగం తగ్గేది. మిగతా సగం మాత్రం తగ్గదు. రైట్ బతికి ఉండగా 'సరే, ఇది వెయ్యండి' అనని వాయింపుని ఆయన పూర్తి రచనగా నేను లెక్కేయలేను. నివాళి అంటే సంతోషంగా ఒప్పుకుంటాను.

అమలాపురం కీబోర్డ్: నివాళీ ఆల్బమే కాకూడదని ఎక్కడుందండి?