చీలమండ విరిగింది, వాపు దిగితేనే ఆపరేషన్ అంటున్నారు. అంతవరకు ఇంట్లో ఏం చేయాలి?

తిరుచానూరు అమ్మాయి:
మా అమ్మకి 58 ఏళ్లు, షుగర్ ఉంది. అలిపిరి మెట్ల దారిలో కొండ దిగుతుంటే వానకి తడిసిన మెట్టు మీద కాలు జారింది. కుడి చీలమండలో లోపలి ఎముకా, బయటి ఎముకా రెండూ విరిగాయి. ప్లేటు, స్క్రూలు వేయాలట. వాపు ఎక్కువగా ఉందని స్లాబ్ (కాలు చుట్టూ కాకుండా ఒక వైపే వేసే పిండికట్టు) వేసి ఇంటికి పంపారు. పాదం బూరెలా పొంగింది. మామయ్య పుత్తూరు కట్టుకి పోదామంటాడు, పెద్దమ్మ చింతపండు, ఉప్పు కాచి పట్టు వేస్తానంటోంది. ఇన్నాళ్లు ఆగితే ఎముక వంకరగా అతుక్కుంటుందేమోనని నాకు టెన్షన్.

పుత్తూరు అన్న:
మాది పుత్తూరే అమ్మా. ఆ కట్టంటే మా ఇంటిల్లిపాదికీ గురి. అయినా మీ అమ్మగారిది రెండు వైపులా విరిగిన కీలు, పైగా షుగర్. డాక్టర్లు స్లాబ్ వేశాక దాన్ని విప్పి ఆకు పసరు, వెదురు బద్దలు కట్టించొద్దు. మామయ్యకి నా మాటగా చెప్పు.

ఆర్థో వార్డు సిస్టర్, చిత్తూరు:
చెల్లీ, వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఆగడం మామూలే. అంతలో ఎముక గట్టిగా అతుక్కోదు, భయపడకు. చీలమండ దగ్గర చర్మం పలచన, కింద కండ ఉండదు. ఉబ్బినప్పుడు కోస్తే కుట్లు బిగుసుకుపోయి పుండు మానదు, చీము ప్లేటు దాకా పోతుంది. షుగర్ వాళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. చర్మం మీద సన్నటి ముడతలు కనిపిస్తే అప్పుడు సర్జన్ ముందుకెళ్తారు.

అన్నిటికంటే ముఖ్యం కాలు ఎత్తులో ఉంచడం. కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెడితే చాలదు. అమ్మ వెల్లకిలా పడుకుని ఉండాలి, పాదం గుండె కంటే పైన ఉండాలి. దిండ్లు జారిపోతుంటే మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. దిండు పిక్క కింద ఉండాలి, మడమ గాల్లో తేలాలి. మడమ ఒత్తుకుంటే షుగర్ వాళ్లకి తెలియకుండానే పుండు పడుతుంది, మా వార్డులో నేను రోజూ చూసేది అదే. బాత్రూమ్‌కి తప్ప కాలు వేలాడనివ్వకండి, ఆ కాలు మీద బరువు అసలే వద్దు.

ఐసు పెట్టొచ్చా అని డాక్టర్‌ని అడగండి. సరేనంటే పొడి తువ్వాలులో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టి తీసేయండి, స్లాబ్ తడవకూడదు. అమ్మకి పాదంలో స్పర్శ సరిగ్గా లేకపోతే మానేయండి. వేళ్లు మాత్రం తరచుగా ఆడించమనండి. మర్దన, పట్టు, నూనె, ఏదీ వద్దు. ఆ చర్మాన్నే కదా రేపు కోయాలి, దాన్ని శుభ్రంగా కాపాడుకోవాలి.

మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతుంటే, వేళ్లు చల్లబడి నీలంగా మారితే, తిమ్మిరెక్కితే, వేలు కదిపితే ప్రాణం పోయినట్టుంటే అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి వెళ్లండి. పిక్క గట్టిబడి నొప్పి పుట్టినా చూపించండి. ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

తిరుచానూరు అమ్మాయి:
అక్కా, దిండు మడమ కిందే పెట్టాం, ఇప్పుడే సర్దాను. బొటనవేలి పక్కన స్లాబ్ అంచున చిన్న నీటి పొక్కు లేచింది. సూదితో గుచ్చమంటున్నారు.

ఆర్థో వార్డు సిస్టర్, చిత్తూరు:
గుచ్చొద్దు తల్లీ. వాపు లోపలి నుంచి చర్మాన్ని తోసినప్పుడు ఇలా పొక్కులు లేస్తాయి, చిదిమితే క్రిములు లోపలికి పోతాయి. స్లాబ్ అంచు ఒత్తుకున్నా వస్తాయి. మీరు స్లాబ్ కదిలించకండి, ఈ రోజే డాక్టర్‌కి చూపించండి. కింద ఇంకా ఉన్నాయేమో వాళ్లు విప్పి చూసుకుంటారు, పొక్కు ఉన్న చోటుని బట్టి ఎక్కడ కోయాలో కూడా మార్చుకోవచ్చు. వెళ్లేటప్పుడు షుగర్ రీడింగులు, వాడే మాత్రల చీటీ పట్టుకెళ్లండి. రక్తం పలచన చేసే మాత్ర ఏదైనా ఉంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.