తొమ్మిది మందిమి, మ్యూనిక్ నుంచి వెనిస్ దాకా: ఒకటే వ్యాన్ తీసుకోవాలా, రెండు కార్లా?

ఇసార్_ఒడ్డు:
జూన్ చివర్లో మూడు ఇళ్ల వాళ్లం కలిసి బయల్దేరుతున్నాం. పెద్దవాళ్లం ఐదుగురం, పిల్లలు ఇద్దరు, గుంటూరు నుంచి వస్తున్న మా అమ్మానాన్నలు. మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, గ్రోస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు, ఇటలీలోని డోలమైట్స్ కొండలు, వెనిస్, తిరుగు ప్రయాణం బ్రెన్నర్ కనుమ మీదుగా. తొమ్మిది సీట్ల వ్యాన్ ఒకటి తీసుకుందామని సగం మంది, రెండు కార్లే నయమని సగం మంది. మాటామాటా పెరిగి మా వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. ఇలా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గ్రాజ్_గోపి:
వ్యానేనండీ, ఆలోచించేదేం లేదు. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్లు, మొత్తం బరువు మూడున్నర టన్నుల లోపు ఉంటే మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. ఆస్ట్రియా విగ్నెట్ (అక్కడి మోటార్‌వేల మీద నడపడానికి కొనే స్టిక్కర్) బండికి ఒకటి. కారైనా ఈ సైజు వ్యానైనా ధర ఒకటే. బ్రెన్నర్ టోల్ దానికి వేరే, గ్రోస్‌గ్లాక్నర్ టికెట్ వేరే, ఇటలీ మోటార్‌వే టోల్ వేరే, వెనిస్ పార్కింగ్ వేరే. రెండు కార్లంటే ఇవన్నీ రెండేసి. డబ్బు సంగతి పక్కన పెట్టినా, అమ్మానాన్నలు అంత దూరం నుంచి వచ్చేది మీ అందరితో గడపడానికి. రెండు బండ్లయితే దారి పొడవునా ‘ఎక్కడున్నారు, ఏ ఎగ్జిట్ తీసుకున్నారు’ అనే ఫోన్లే. ఒక్క బండిలో పులిహోర డబ్బా వెనక సీటు నుంచి ముందుకి చేతులు మారుతూ వస్తుంది. ఆ ప్రయాణమే వేరు.

స్టుట్‌గార్ట్_రవళి:
గోపి గారూ, ఆ డబ్బా పెట్టడానికి చోటుంటే కదా. తొమ్మిది మంది కూర్చున్నాక చివరి సీటు వెనక మిగిలేదెంతో షోరూంలో ఒకసారి తలుపు తీసి చూడండి. పొట్టి మోడల్ అయితే పెద్ద సూట్‌కేసులు నిలువుగా నాలుగైదు పెడితే గొప్ప. అద్దె వెబ్‌సైట్‌లో బొమ్మ కింద ‘లేదా అలాంటిదే’ అని ఉంటుంది, పొడవు మోడలే ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఎత్తు దాదాపు రెండు మీటర్లు. పాత ఊళ్లలో అండర్‌గ్రౌండ్ పార్కింగ్ దగ్గర వేలాడే బోర్డు చాలాచోట్ల రెండు మీటర్లనే చూపిస్తుంది, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. వెనక బండ్లు వరసగా ఆగి ఉండగా అక్కడ రివర్స్ చేయడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు.

గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు 48 కిలోమీటర్లు, 36 మలుపులు. ప్రతి మలుపుకీ నంబరు, ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది. మూడో వరసలో కూర్చున్న పిల్లలకు పదో మలుపు దాటకముందే కడుపులో తిప్పుతుంది.

అసలు నేను భయపడేది వేరే. డోలమైట్స్‌లో రాత్రిపూట నాన్నగారికి ఒంట్లో బాగోలేక హాస్పిటల్‌కి వెళ్లాల్సి వస్తే? ఉన్న ఒక్క వ్యానూ వెళ్లిపోతే మిగతా వాళ్లు లోయలో ఇరుక్కున్నట్టే. మామూలు రోజున కూడా, పిల్లలు సరస్సు దగ్గర ఆగుదామంటారు, అమ్మగారు గదికి వెళ్దామంటారు. రెండు కార్లుంటే ఎవరి మాటా కాదనక్కర్లేదు. పెద్దవాళ్లు మొహమాటపడి, అలసిపోయినా నోరు తెరవరు. అది మనమే గమనించాలి.

లైప్‌జిగ్_మూర్తి:
బండి సంగతి తర్వాత. నడిపేదెవరు? ఎంతమంది? మన ఇండియా లైసెన్స్, దానితో తెచ్చుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతాయి. తర్వాత జర్మన్ లైసెన్స్ ఉండాల్సిందే. మనకు థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ తప్పవు. అక్కడ ఇరవై ఏళ్లు నడిపిన అనుభవం ఉన్నా ఇక్కడ పోలీసు అడిగేది కాగితమే. పైగా నడిపే ప్రతి ఒక్కరి పేరూ అద్దె కాంట్రాక్టులో ఉండాలి, వెళ్లే దేశాల పేర్లు ముందే చెప్పాలి. పేరు లేనివాళ్లు నడుపుతుండగా ఏదైనా అయితే ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. ముందు ఈ లెక్క చెప్పండి, ఆ తర్వాత వ్యానా కార్లా మాట్లాడుకుందాం.

ఇసార్_ఒడ్డు:
ముగ్గురికి జర్మన్ లైసెన్స్ ఉందండీ. అందులో ఒకరికి వచ్చి నాలుగు నెలలే.

లైప్‌జిగ్_మూర్తి:
చాలా అద్దె కంపెనీలు కనీసం ఏడాది నిండాలంటాయి. అంటే మీకు ఇద్దరే. రెండు కార్లకు ఇద్దరే డ్రైవర్లంటే, స్టీరింగ్ మార్చుకునే మనిషి లేకుండా ఇద్దరూ రోజంతా నడపాలి. వెనిస్ నుంచి మ్యూనిక్ తిన్నగా వచ్చినా 500 కిలోమీటర్ల పైమాటే. ఒకే వ్యాన్‌లో అయితే ఒకరు నడుపుతుంటే ఒకరు కునుకు తీస్తారు. ఈ ఒక్క కారణంతో నా ఓటు వ్యాన్‌కే.

స్టుట్‌గార్ట్_రవళి:
డ్రైవర్లు తక్కువైతే కోయాల్సింది రూటుని. ఊరూరా రాత్రికో హోటల్ మార్చడం ఎందుకు? డోలమైట్స్‌లోని తోబ్లాఖ్ ఊళ్లో నాలుగు రాత్రులు ఉండి చుట్టుపక్కల చూసుకోండి. రోజుకు మూడు గంటలకు మించి నడపకండి. అలా అయితే రెండు కార్లతోనూ ఇద్దరు డ్రైవర్లు చాలు. హాస్పిటల్ విషయంలో నా మాట మార్చుకోను.

గ్రాజ్_గోపి:
రూటు కోయడం మంచి మాటే, ఒప్పుకుంటాను. కానీ రాత్రి ఎమర్జెన్సీకి యూరప్‌లో ఎక్కడైనా 112 ఉంది. కొండ రోడ్డు మీద చీకట్లో కంగారుగా మనం నడుపుకుంటూ వెళ్లడం కన్నా అంబులెన్స్ పిలవడమే క్షేమం.

ఇసార్_ఒడ్డు:
మా వాళ్లందరికీ ఇవి చదివి వినిపించాను. వ్యాన్‌లోనే వెళ్తున్నాం, పొడవు మోడలే ఇస్తామని రాసిస్తేనే. ఇద్దరికి కలిపి ఒక మధ్యరకం సూట్‌కేసు. తోబ్లాఖ్‌లో నాలుగు రాత్రులు ఖాయం. వెనిస్‌కి వ్యాన్ తీసుకెళ్లం, దాని పక్కనే ఉన్న మెస్త్రేలో పెట్టి రైల్లో వెళ్తాం. మా అమ్మానాన్నలతో నేను విడిగా మాట్లాడాను. మధ్యలో ఒక పూర్తి రోజు విశ్రాంతి కావాలని వాళ్లే అడిగారు.

స్టుట్‌గార్ట్_రవళి:
అడిగి మంచి పని చేశారు. ఇంకొన్ని విషయాలు: డిజిటల్ విగ్నెట్ నంబర్ ప్లేటు మీద తీసుకోవాలి కాబట్టి వ్యాన్ చేతికొచ్చాకే కొనండి. పిల్లలకు పన్నెండేళ్లు లేదా 150 సెంటీమీటర్లు నిండకపోతే జర్మనీలో చైల్డ్ సీటు తప్పనిసరి. ఇటలీ ఊళ్లలో జెడ్‌టీఎల్ (అనుమతి లేని బండ్లు వెళ్లకూడని ప్రాంతం) బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లకండి, కెమెరా ఫోటో తీస్తుంది, జరిమానా ఇంటికొస్తుంది. బ్రెన్నర్ దారిలో లూగ్ వంతెన పనులు జరుగుతున్నాయి, శనివారం తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఆస్ట్రియా సరిహద్దు దాటగానే కీఫర్స్‌ఫెల్డెన్ దగ్గర జర్మన్ పోలీసులు ఆపి చూస్తుంటారు, అమ్మానాన్నల పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉంచండి.